పత్తిని చూసి జంకిన పిల్లాడు, చీకటికి భయపడిన ప్రొఫెసర్

మా నాయనమ్మని పాము కరిచినప్పుడు నేను ఇంటర్ సెకండియర్. మాది పర్చూరు వైపు ఒక చిన్న ఊరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడదు. నవంబర్‌లో పత్తి తీతకి వెళ్లింది. సాలులో వంగి తీస్తుంటే మడమ పైన కాటు పడింది. బాబాయి బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు, టైముకి విరుగుడు ఇంజెక్షన్లు పడ్డాయి, పది రోజుల్లో ఇంటికొచ్చేసింది. కాలు నయమైంది. అందరం అక్కడితో అయిపోయిందనుకున్నాం.

అయిపోలేదు. ముందు పత్తి చేలోకి రానంది. అది ఎవరికైనా అర్థమవుతుంది. తర్వాత మిరప చేలో పరిచిన నల్లటి డ్రిప్ పైపులు చూసి గట్టు మీదే ఆగిపోయింది. ఆ తర్వాత పెరట్లో నీళ్ల గొట్టం తొక్కాల్సి వస్తుందని చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టింది. నేను బీటెక్‌లో చేరాక మొదటి సంక్రాంతికి ఇంటికెళ్తే, మంచం మీద నుంచి వేలాడుతున్న నా లాప్‌టాప్ ఛార్జర్ వైరు చూసి కేక పెట్టింది. అందరం నవ్వాం. నేను ఎక్కువ నవ్వాను.

ఈ ఏడాది మొదట్లో ఒక సీనియర్ మెషీన్ లెర్నింగ్ గురించి చెప్తూ జనరలైజేషన్ అనే మాట వాడాడు. మోడల్ నేర్చుకున్న డేటా దగ్గరే ఆగకుండా, అలాంటి కొత్త వాటికి కూడా అదే జవాబు ఇవ్వడం. నాకు వెంటనే ఛార్జర్ వైరు గుర్తొచ్చింది. మనుషుల్లో దీన్ని ఎవరైనా చూశారా అని వెతుకుతూ వెతుకుతూ జాన్ బ్రాడస్ వాట్సన్ అనే ఒక అమెరికన్ సైకాలజిస్టు జీవితంలోకి వెళ్లిపోయాను. ఆయన గురించే ఈ వ్యాసం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, తప్పులుంటే ఏమనుకోకండి.

వాట్సన్ పుట్టింది కూడా పత్తి నేలలోనే. 1878 జనవరి 9న, దక్షిణ కరొలినా రాష్ట్రంలో గ్రీన్‌విల్ దగ్గర ఒక పల్లెలో. తల్లి ఎమ్మా పరమ భక్తురాలు. కొడుకు మతబోధకుడు కావాలని ఆశపడి, ఆ రోజుల్లో పేరున్న జాన్ ఆల్బర్ట్ బ్రాడస్ అనే బాప్టిస్టు బోధకుడి పేరు పెట్టింది. తండ్రి పికెన్స్ తాగుబోతు. వాట్సన్‌కి 13 ఏళ్లప్పుడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. చిన్నప్పుడు వాట్సన్‌ని చూసుకున్న ఆయా, చీకట్లో సైతాను పొంచి ఉంటాడని, దొరికితే ఎత్తుకుపోతాడని చెప్పేది. అల్లరి మానిపించడానికి మన ఇళ్లలో బూచోడి పేరు చెప్పినట్టే. ఆ పిల్లాడు పెద్దయ్యాడు, ప్రొఫెసర్ అయ్యాడు, దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. కానీ చీకటి భయం మాత్రం ఆయన్ని వదల్లేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

స్కూల్లో ఆయన పెద్ద చదువరి కాదు. బద్ధకం, కొట్లాటలు, రెండుసార్లు అరెస్టు కూడా అయ్యాడు. అయినా 16 ఏళ్లకి ఊళ్లోనే ఉన్న ఫర్మన్ కాలేజీలో చేరి, 1899లో మాస్టర్స్ డిగ్రీతో బయటికొచ్చాడు. ఒక ఏడాది చిన్న బడిలో పాఠాలు చెప్పి, 1900లో షికాగో యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ ఫీజుల కోసం హాస్టల్లో వడ్డించాడు, గదులు ఊడ్చాడు, ల్యాబులో తెల్ల ఎలుకల్ని మేపాడు. ఆ ఎలుకలు దారి ఎలా నేర్చుకుంటాయన్న దాని మీదే 1903లో పీహెచ్‌డీ వచ్చింది. అది పూర్తి చేసే ముందు మనిషి ఒకసారి బాగా కుంగిపోయాడు. వారాల తరబడి నిద్ర లేదు. దీపం వెలుగుతుంటే తప్ప కళ్లు మూతపడేవి కావు.

1908లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. 1913లో ఒక వ్యాసం రాశాడు. అప్పటిదాకా సైకాలజీ అంటే మనసు లోపల ఏం జరుగుతుందో మనిషినే అడిగి తెలుసుకోవడం. వాట్సన్ అదంతా పక్కన పెట్టమన్నాడు. కంటికి కనిపించే ప్రవర్తననే కొలవాలి, ఏ ప్రేరణకి ఏ స్పందన వస్తుందో చూడాలి అన్నాడు. మన భాషలో చెప్పాలంటే, కోడ్ చదవడం మానేసి ఇన్‌పుట్, అవుట్‌పుట్ మాత్రమే టెస్ట్ చేయమన్నాడు. దాన్నే బిహేవియరిజం అన్నారు. రెండేళ్లకే, 37 ఏళ్ల వయసులో, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యాడు.

రష్యాలో పావ్లోవ్ కుక్కల మీద చేసిన పని మనందరికీ తెలుసు. తిండి పెట్టే ముందు ఏదో ఒక గుర్తు ఇస్తూ ఉంటే, కొన్నాళ్లకి ఆ గుర్తుకే కుక్క నోట్లో నీళ్లూరతాయి. భయం కూడా మనుషులు ఇలాగే నేర్చుకుంటారా? వాట్సన్‌కి వచ్చిన ప్రశ్న ఇది. చీకటికి భయపడే మనిషికి ఈ ప్రశ్న రావడం నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు.

1919 చివర్లో ఆయన, ఆయన దగ్గర చదువుతున్న రోసలీ రేనర్ కలిసి ఆసుపత్రిలో పాలిచ్చే ఆయాగా పనిచేస్తున్న ఒకావిడ బిడ్డని ఎంచుకున్నారు. పేపర్లో వాడి పేరు ఆల్బర్ట్. తొమ్మిది నెలల వయసు, గుండ్రంగా, నిదానంగా, అంత తేలిగ్గా ఏడవని పిల్లాడు. వాడి ముందు తెల్ల ఎలుక పెట్టారు, కుందేలు పెట్టారు, కుక్క, కోతి, మాస్కులు, పత్తి పెట్టారు, కాగితాలు కాల్చి చూపించారు. వాడు దేనికీ భయపడలేదు. చెయ్యి చాపి పట్టుకోబోయాడు. ఒక్కదానికే భయపడ్డాడు. వెనకాల ఇనుప కడ్డీని సుత్తితో కొడితే వచ్చే పెద్ద చప్పుడుకి.

వాడికి 11 నెలలు దాటాక అసలు ప్రయోగం మొదలైంది. ఎలుకని ముందు వదిలారు. వాడు ముట్టుకోగానే వెనకాల కడ్డీ మోగించారు. మొదటి రోజు రెండుసార్లు, వారం తర్వాత ఐదుసార్లు. మొత్తం ఏడుసార్లు. ఎనిమిదోసారి చప్పుడు లేకుండా ఎలుకని మాత్రమే చూపించారు. వాడు ఏడుస్తూ పక్కకి దొర్లి, ఎంత వేగంగా పాకగలడో అంత వేగంగా పాకి పారిపోబోయాడు. బల్ల అంచు నుంచి పడకుండా పట్టుకోవాల్సి వచ్చింది.

ఐదు రోజుల తర్వాత ఇంకో సంగతి చూశారు. కుందేలుతో వాడికి ఏ చెడూ జరగలేదు, అయినా కుందేలుని చూసి ఏడ్చాడు. కుక్కని చూసి కొంచెం తక్కువగా బెదిరాడు. బొచ్చు కోటు చూపిస్తే ఏడ్చాడు. వాట్సన్ తల వంచి జుట్టు పట్టుకోమంటే పట్టుకోలేదు. తెల్ల గడ్డం ఉన్న శాంటా మాస్కుకీ జంకాడు. కాగితంలో చుట్టి పైకి కనపడేలా పత్తి పెడితే, ముందు కాళ్లతో తన్నాడు, తర్వాత కాగితంతో ఆడుకున్నాడు గానీ పత్తి జోలికి పోలేదు. చివరికి గానీ ఆ బెరుకు కాస్త తగ్గలేదు. మధ్యమధ్యలో చెక్క బొమ్మ ముక్కలు ఇస్తే మాత్రం హాయిగా ఆడుకున్నాడు. అంటే వాడు అన్నింటికీ భయపడటం లేదు. మెత్తగా, తెల్లగా, బొచ్చుగా ఉన్నవాటికే. పోలిక ఎంత దగ్గరైతే భయం అంత ఎక్కువ. ఎలుక దగ్గర మొదలై పత్తి దాకా పాకింది.

పత్తి అన్న మాట చదవగానే నేను ఆగిపోయాను. మా ఇంట్లో పత్తి అంటే అప్పు తీరే దారి, అక్క పెళ్లి, నా ఫీజు. దానికి ఒక పిల్లాడు భయపడ్డాడు. పాము రంగు లేని, పాము కదలిక లేని ఛార్జర్ వైరుకి మా నాయనమ్మ భయపడటంలో ఇంక వింతేముంది? పొడుగ్గా, నల్లగా, నేల మీద ఉంది. అంతే చాలు.

ఇక్కడ వాట్సన్ తప్పులు కూడా చెప్పాలి. ఒక్క పిల్లాడితోనే ఇంత పెద్ద సిద్ధాంతం కట్టాడు. మధ్యలో భయం తగ్గుతోందనిపించి ఎలుకతో మళ్లీ చప్పుడు చేశారు, ఆ రోజే కుందేలుతో, కుక్కతో కూడా చేశారు. దాంతో ఆ తర్వాతి ఫలితాల్లో ఏది పాకిన భయమో ఏది నేరుగా నేర్పిన భయమో కలగాపులగం అయింది. అన్నిటికన్నా పెద్ద తప్పు వేరే ఉంది. పిల్లాడు ఆసుపత్రి నుంచి ఎప్పుడు వెళ్లిపోతాడో వాళ్లకి నెల ముందే తెలుసు. అయినా ఆ భయం తీసేసే ప్రయత్నం చేయకుండానే వాడు వెళ్లిపోయాడు. 1920 ఫిబ్రవరిలో పేపర్ అచ్చయింది. ఆ ఫిల్మ్ ముక్కలు ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. నేను చూశాను. రెండోసారి చూడబుద్ధి కాలేదు.

అదే ఏడాది వాట్సన్ జీవితం తలకిందులైంది. రోసలీతో ప్రేమ వ్యవహారం బయటపడింది. ఆయన రాసిన ఉత్తరాలు భార్య చేతికి దొరికాయి, యూనివర్సిటీ రాజీనామా చేయించింది. విడాకులు అయ్యాయి, రోసలీని పెళ్లి చేసుకున్నాడు, కానీ మళ్లీ ఏ యూనివర్సిటీలోనూ ప్రొఫెసర్ కాలేకపోయాడు. న్యూయార్క్‌లో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరి, జనం ఏం కొంటారో తెలుసుకోవడానికి షాపులో కౌంటర్ వెనక గుమాస్తాగా కూడా నిలబడ్డాడు. 1924కల్లా అందులోనే వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. బేబీ పౌడర్ ప్రకటనల్లో కొత్త తల్లుల భయాన్ని వాడుకున్నాడు. బిడ్డకి ఏదైనా ఇన్ఫెక్షన్ వస్తుందేమో అన్న బెరుకుని సరుకుతో ముడిపెట్టడం. ల్యాబులో ఎలుక, కడ్డీ. ఇక్కడ మురికి, పౌడర్. పద్ధతి అదే.

ఆల్బర్ట్ భయం కంటి ముందున్న రూపాన్ని పట్టి పాకింది. పెద్దవాళ్లలో అది పేరుని పట్టి కూడా పాకుతుంది. దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. చీరాల నుంచి బాపట్లకి రైల్లో వెళ్తుంటే మధ్యలో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. చిన్నప్పుడు ఆ బోర్డు కనపడగానే పెద్దవాళ్లు సంచులు ఒళ్లోకి లాక్కోవడం నేను చూశాను. ఎందుకని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు. నేనూ నా స్కూలు బ్యాగు లాక్కున్నాను. కడ్డీ మోగకుండానే నేర్చుకున్నానన్నమాట, పక్కవాళ్ల మొహాలు చూసి.

ఆ పేరు వెనక కథ ఇది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో కూడా అమలు చేసింది. కొందరు చేసిన నేరాలకి కులం మొత్తాన్ని, పుట్టబోయే పిల్లలతో సహా, నేరస్థుల జాబితాలో రాసేసింది. మన వైపు ఎరుకల కుటుంబాలు ఇందులో చిక్కుకున్నాయి. వాళ్లని ఒకచోట ఉంచడానికి 1910లలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఏర్పడిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. ఊరు దాటాలంటే అనుమతి, వేళకి హాజరు. ఒక దొంగ భయం అతని కులానికి, కులం భయం ఊరికి, ఊరి భయం రైలు స్టేషన్ బోర్డుకి పాకింది. 1952లో చట్టం రద్దయింది. సంచులు లాక్కోవడం రద్దవలేదు. అవతలివైపు నుంచి చూస్తే ఇంకోటి ఉంది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లాడు ఏ తప్పూ చేయకపోయినా ఖాకీ రంగు చూస్తే బెదరాలి. భయం రెండు వైపులా పాకింది.

వాట్సన్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆల్బర్ట్‌కి చేయనిది ఇంకో పిల్లాడికి చేసిన మనిషి ఉంది. మేరీ కవర్ జోన్స్. రోసలీకి కాలేజీ స్నేహితురాలు. వాట్సన్ ఉపన్యాసం విని, నేర్చుకున్న భయాన్ని తీసేయొచ్చా అన్న ప్రశ్న పట్టుకుంది. పీటర్ అనే పిల్లాడు దొరికాడు, మూడేళ్లు ఇంకా నిండలేదు. కుందేలు, ఎలుక, బొచ్చు కోటు, ఈక, పత్తి, అన్నిటికీ భయమే. వీడికి ఎవరూ ల్యాబులో నేర్పలేదు. వాట్సన్ సలహాలు ఇస్తుండగా ఆమె పని మొదలుపెట్టింది. కుందేలంటే భయం లేని పిల్లల మధ్య వాణ్ణి ఆడనిచ్చింది. తర్వాత వాడు ఇష్టమైనది తింటుంటే, బోనులో ఉన్న కుందేలుని దూరంగా పెట్టింది. వాడు తినడం ఆపనంత దూరంలో. మర్నాడు కొంచెం దగ్గరికి. మధ్యలో వాడికి జబ్బు చేసి రెండు నెలలు ఆగింది. ఆ తర్వాత ఒక పెద్ద కుక్క మీదకి రావడంతో సంపాదించినదంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చివరికి పీటర్ కుందేలుని ఒళ్లో పెట్టుకున్నాడు, దాని నోటికి తన వేలు అందించాడు. 1924లో ఆ పేపర్ వచ్చింది.

నాకు ఆ పేపర్లో అన్నిటికన్నా నచ్చింది చివరి భాగం. ఆమె పని చేసింది కుందేలుతో. కానీ పత్తి భయం, కోటు భయం, ఈకల భయం కూడా వాటంతట అవే పోయాయి. భయం ఎలా పాకిందో ధైర్యం కూడా అలాగే పాకింది. తేడా ఒక్కటే. భయానికి ఏడు కడ్డీ దెబ్బలు చాలు. ధైర్యానికి నెలలు పట్టింది, పక్కన కూర్చునే మనిషి కావాల్సి వచ్చింది. స్టువర్టుపురంలో కూడా 1970లలో అలా వెళ్లి కూర్చున్నవాళ్లున్నారు. వినుకొండలో పుట్టిన హేమలతా లవణం, కవి జాషువా గారి కూతురు, భర్త లవణం గారితో కలిసి ఆ ఊరి కుటుంబాల మధ్య ఏళ్లపాటు పనిచేశారు. దూరం నుంచి ఉపన్యాసం చెప్పడం కాదు, దగ్గరికి వెళ్లడం.

వాట్సన్ మాత్రం తన శిష్యురాలి వరసలో ఉన్న ఈ అమ్మాయి చూపించిన ఓపికని తన ఇంట్లో వాడలేదు. 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దు చేయకూడదు, ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇస్తే చాలు అని అందులో చెప్పాడు. పుస్తకం బాగా అమ్ముడైంది. తన ఇద్దరు కొడుకుల్నీ అలాగే పెంచాడు. ఆ పెంపకం తమని దెబ్బతీసిందని వాళ్లలో ఒకరు పెద్దయ్యాక చెప్పాడు. తనకి తగినంత తెలియకుండా ఆ పుస్తకం రాశానని తర్వాత వాట్సన్ కూడా ఒప్పుకున్నాడు. 1935లో రోసలీ జబ్బుతో చనిపోయింది. ఆ తర్వాత ఆయన మనుషులకి దూరమైపోయాడు. 1945లో ఉద్యోగం మానేసి, కనెక్టికట్‌లో పొలం, పశువులు చూసుకుంటూ ఉండిపోయాడు.

1957లో ఒకప్పుడు తాను అధ్యక్షుడిగా ఉన్న అసోసియేషనే ఆయనకి గోల్డ్ మెడల్ ప్రకటించింది. 37 ఏళ్ల తర్వాత తన వాళ్లు పిలిచారు. న్యూయార్క్ దాకా వెళ్లాడు. చివరి నిమిషంలో లోపలికి వెళ్లలేక కొడుకుని పంపాడు. భావాల్ని అదుపులో పెట్టొచ్చని ప్రపంచానికి చెప్పిన తాను అందరి ముందు ఏడుస్తానేమోనని భయం. చనిపోయే ముందు, అచ్చు కాని తన కాగితాలన్నీ ఒక్కొక్కటిగా మంటలో వేసేశాడు. 1958 సెప్టెంబర్ 25న, 80 ఏళ్ల వయసులో పోయాడు. ఆల్బర్ట్ ఎవరో కనుక్కోవడానికి ఈ శతాబ్దంలో పరిశోధకులు వెతికి ఇద్దరి పేర్లు ముందుకు తెచ్చారు. ఆ ఇద్దరిలో ఎవరన్నది ఇప్పటికీ వాదనలోనే ఉంది.

భయం ఎలా పుడుతుందో, ఎలా పాకుతుందో అందరికన్నా ముందు చూపించిన మనిషి ఆయన. తన చీకటి భయం దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. బహుశా చిన్నప్పుడు ఎవరైనా ఒక లాంతరు పట్టుకుని, చెయ్యి పట్టుకుని, వాకిలి దాకా, పెరటి దాకా, చెట్టు దాకా తీసుకెళ్లి ఉంటే సరిపోయేదేమో.

ఇదంతా చదివాక దసరా సెలవుల్లో ఇంటికెళ్లి నాయనమ్మకి ఆల్బర్ట్ కథ, పీటర్ కథ చెప్పాను. ఆల్బర్ట్ కథ విని ఆ తల్లి ఎలా ఊరుకుందని తిట్టింది. పీటర్ కథ విని కాసేపు ఏమీ అనలేదు. అడిగితే సరే చూద్దామంది. ఒప్పుకున్నాకే మొదలుపెట్టాను, అది ముఖ్యం. పాత డ్రిప్ పైపు ఒక మూర ముక్క కోసి, ఆమె వాకిట్లో కూర్చుని సీరియల్ కబుర్లు చెప్పుకుంటుంటే గేటు దగ్గర పెట్టాను. రోజూ ఒక అడుగు దగ్గరికి. నేను కాలేజీకి వచ్చేశాక చెల్లి ఆ పని చూసుకుంది. మధ్యలో ఒక రోజు చేలో నిజంగానే పాము కనపడిందని ఎవరో చెప్తే, పైపుని మళ్లీ గేటు దాకా జరపాల్సి వచ్చింది. పీటర్‌కి కుక్క ఎదురైనట్టే.

మొన్న సంక్రాంతికి వెళ్తే నాయనమ్మ కల్లంలో కూర్చుని ఎండు మిరపలో తాలుకాయలు ఏరుతోంది. దారిలో అడ్డంగా పడున్న పైపుని తనే చేత్తో తీసి పక్కన పెట్టింది. నా ఛార్జర్ వైరు సంగతి నేను అడగలేదు, కానీ ఆ రాత్రి దాన్ని చుట్టి నా బ్యాగులో పెట్టింది ఆవిడే. పాముకి భయపడటం మానమని మాత్రం నేను ఎప్పుడూ అనలేదు. అది నిజమైన భయం, ఉండాలి. బాబాయి పత్తి తీతకి మోకాళ్ల దాకా వచ్చే బూట్లు కొన్నాడు, ఇంట్లో అందరికీ. నాయనమ్మ జత ఇంకా కవర్లోనే ఉంది. వచ్చే తీతకి చూద్దామంది.